అడవిలోని గుంటలకు కర్త ఎవరు?

ఈక్వడార్ దేశపు అమెజాన్ అడవులలో టెక్సాకో సంస్థ 1990 వరకు చమురు తీసినది. చమురుతోపాటు పైకి వచ్చిన ఉప్పునీటిని ఏరులలోనికి విడిచినది; మడ్డిని అడుగున ఏ పూతయు లేని గుంటలలో నింపినది. కోఫాన్, సెకోయా గిరిజనులు త్రాగినది ఆ ఏటి నీరే.

2001లో షెవ్రాన్ ఆ సంస్థను కొన్నది. 2011లో ఈక్వడార్ న్యాయస్థానము విధించిన పరిహారము 2013లో 950 కోట్ల డాలర్లుగా స్థిరపడినది. బాధితుల న్యాయవాది మోసముతో ఆ తీర్పును సంపాదించెనని 2014లో న్యూయార్క్ న్యాయస్థానము నిర్ణయించినది. కొన్ని గుంటలు శుభ్రపరచబడినవనియు, 1998లోనే ప్రభుత్వము విముక్తి పత్రము ఇచ్చినదనియు షెవ్రాన్ వాదము.

న్యాయవాది కపటము నిజమే అనుకొందము. దానివలన గుంటలోని మడ్డి తరుగునా? ఆస్తిని కొన్నవాడు దాని అప్పును కూడ మోయవలెనని చిన్న అంగడివానికి సైతము తెలియును. ఇక విముక్తి పత్రమందురా, దానిపై సంతకము చేసినది ప్రభుత్వము. ఆ నీరు త్రాగినవారు కారు.