కాణిపాకం ప్రమాణానికి అందని నిజం

చిత్తూరు వైపు ఇద్దరి మధ్య మాట తేలనప్పుడు పెద్దమనుషులు చెప్పే దారి ఒకటుంది: కాణిపాకం పోదాం పదండి. కోనేట్లో మునిగి వరసిద్ధి వినాయకుడి ముందు ప్రమాణం చేస్తే తగువు తీరినట్టే. అబద్ధమాడేవాడు అక్కడ నిలబడలేడని జనం నమ్మకం. మనిషికి తన సంగతి తెలిసే ఉంటుంది, దాస్తున్నాడా లేదా అన్నదే తేలాలి అన్నది ఈ ఆచారానికి పునాది.

తన సంగతి తనకే తెలియని మనిషి అక్కడ నిలబడితే?

స్కిజోఫ్రీనియా అనే మానసిక జబ్బు వచ్చిన యువకుడు అన్నంలో ఎవరో విషం కలుపుతున్నారంటాడు. తనకు ఏ జబ్బూ లేదంటాడు, మాత్ర మింగనంటాడు. ప్రమాణం చేయమంటే తడబడకుండా చేస్తాడు. ఆ మాటలో అబద్ధం లేదు, నిజమూ లేదు.

ఇంట్లోవాళ్లు దాన్ని మొండితనం అంటారు, ఊళ్లోవాళ్లు గాలి సోకిందంటారు. వైద్యులు దాన్ని జబ్బులో భాగంగానే చూస్తారు. పక్షవాతంతో ఎడమచెయ్యి పడిపోయినా తమకేమీ కాలేదనే రోగులను గమనించిన ఫ్రెంచి వైద్యుడు బాబిన్‌స్కీ, 1914లో ఆ స్థితికి అనోసాగ్నోసియా అని పేరు పెట్టాడు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 9 దేశాల్లో జరిపిన స్కిజోఫ్రీనియా అధ్యయనం 1973లో వెలువడింది. మన ఆగ్రా కూడా అందులో ఒక కేంద్రం. అక్కడి రోగుల్లోనూ అన్నిటికన్నా ఎక్కువగా కనిపించిన లక్షణం, తమకు జబ్బుందన్న ఎరుక లేకపోవడమే. నలుగురూ ఏమనుకుంటారోనన్న భయంతో జబ్బును దాచేవాళ్లూ ఉన్నారు. కానీ ఏకాగ్రత, జ్ఞాపకం, తన అభిప్రాయాన్ని తానే సరిచూసుకునే శక్తి దెబ్బతిన్నప్పుడు, జబ్బును గుర్తుపట్టాల్సిన మనసే జబ్బున పడుతుంది.

భ్రమ ఒక్కోసారి భక్తి రూపంలోనూ కనిపించవచ్చు. 2021 జనవరిలో, అప్పటి చిత్తూరు జిల్లా మదనపల్లెలో ఇద్దరు యువతులు సొంత ఇంట్లోనే హత్యకు గురయ్యారు. పోలీసులు అరెస్టు చేసిన తల్లిదండ్రులు బాగా చదువుకున్నవాళ్లు. కలియుగం ముగిసి సత్యయుగం వస్తోందని, బిడ్డలు మళ్లీ బతుకుతారని వాళ్లు చెప్పినట్టు వార్తలు వచ్చాయి. తిరుపతి రుయా ఆస్పత్రి నుంచి వాళ్లను విశాఖ ప్రభుత్వ మానసిక వైద్యశాలకు పంపారు. మానసిక రోగుల్లో అత్యధికులు ఎవరికీ హాని చేయరు, ఇలాంటి ఘటనలు అరుదు. ఆ రోజుల్లో చర్చంతా మూఢనమ్మకం చుట్టూనే తిరిగింది. భక్తికి భ్రమకు మధ్య గీత ఎక్కడుందన్న ప్రశ్న మాత్రం మిగిలిపోయింది. తిరుమల కొండకు మొక్కుకున్న భక్తుడు టీటీడీ వారి బర్డ్ ఆస్పత్రిలో కాలికి ఆపరేషనూ చేయించుకుంటాడు. ఆ భక్తిలో ఎదుటివాడి మాటకు చోటుంది. భ్రమలో ఆ చోటు మూసుకుపోతుంది.

తిరుపతి జాతీయ సంస్కృత విశ్వవిద్యాలయంలో నేటికీ బోధించే రెండు దర్శనాలు ఇక్కడ అక్కరకొస్తాయి. ఒక జ్ఞానం నిజమో కాదో ఆ జ్ఞానమే చెప్పుకోలేదని, బయటి ఆధారంతో తేలాల్సిందేనని న్యాయ దర్శనాన్ని అనుసరించే నైయాయికుల వాదం. దూరాన నీళ్లు కనిపిస్తే, వెళ్లి తాగి దాహం తీరినప్పుడే ఆ చూపు నిజమని తేలుతుంది. తిరుమలతో విడదీయరాని బంధమున్న రామానుజుల సంప్రదాయం మరో మాట చెబుతుంది. ఆత్మకు ధర్మంగా ఉండే ఎరుక, అంటే ధర్మభూత జ్ఞానం, ముడుచుకుంటుంది, విచ్చుకుంటుంది. ‘నేను’ అనే వెలుగు మాత్రం తరగదు. ఆ ఆచార్యులు చెప్పింది కర్మబంధం గురించే, రోగం గురించి కాదు. అయినా ఎరుక ముడుచుకున్నంత మాత్రాన మనిషి విలువ తగ్గదని చెప్పడానికి ఇంతకు మించిన ఆధారం అక్కర్లేదు.

2018 మే 29న అమల్లోకి వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం బయటి ఆధారం అవసరాన్నీ, తగ్గని మనిషి విలువనూ గుర్తించినట్టే ఉంది. రోగిని గొలుసులతో కట్టడాన్ని అది నిషేధించింది. మనసు నిలకడగా ఉన్నప్పుడే, రేపు జబ్బు ముదిరితే ఏ వైద్యం కావాలో, ఏది వద్దో, తన తరఫున ఎవరు మాట్లాడాలో రాసిపెట్టుకునే హక్కు ఇచ్చింది.

అందుకే ఇంట్లో ఇలాంటి మనిషి ఉంటే, జబ్బుందని ఒప్పించే వాదనకు దిగకండి. నిద్ర పట్టడం లేదనో, భయంగా ఉందనో ఆ మనిషే చెప్పుకునే బాధను పట్టుకుని వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లండి. దారి తెలియకపోతే ప్రభుత్వ ఉచిత సహాయ కేంద్రం టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేయండి.