మోసినవాడి వాటా

మా నాన్న పోయిన ఏడు రామపాదాల రేవులో తర్పణాలు వదులుతుంటే, చివర మా పురోహితుడుగారు "కాటన్ దొరకీ ఓ దోసెడు వదలండి" అన్నారు. మా గోదారి ఒడ్డున ఇది కొత్తేం కాదు. 1847లో మొదలెట్టి 1852కల్లా ఆనకట్ట కట్టించిన దొర పేరు సంకల్పంలో కలిపి చెప్పే పురోహితులు ఇంకా ఉన్నారు. నీళ్ళు వదిలాను గానీ, ఇంటికొచ్చాక ఆలోచన పట్టుకుంది. ఆ దొర పంట పండించలేదు, నీళ్ళు పుట్టించలేదు. ఉన్నచోటి నుంచి లేనిచోటికి చేరవేశాడు, అంతే. అదే కదా మా పనీ! ముప్పై నాలుగేళ్ళు లారీ ఆఫీసులో బిల్టీలు, అంటే సరుకు రవాణా రసీదులు, రాసినవాణ్ణి. చేరవేతకి పుణ్యం ఉందని మంత్రాల్లోనే ఒప్పుకుంటే, అందులో చిల్లరో మల్లరో మాకూ ముట్టాలి కదా అనిపించింది.

శాస్త్రం ఏమంటుందో చూద్దామనుకున్నాను. పురాణ కాలక్షేపాల్లో తరచూ వినే మాట ఒకటుంది. చేసినవాడు, చేయించినవాడు, ప్రేరేపించినవాడు, ఆమోదించినవాడు, ఈ నలుగురికీ పాపంలోనూ పుణ్యంలోనూ సమానభాగమట. వేళ్ళు మడిచి రెండుసార్లు లెక్కపెట్టాను. మోసినవాడు లేడు. మాంసం విషయంలో మనువు ఇచ్చిన పట్టీ ఇంకా పొడుగు. ఒప్పుకున్నవాడు, చంపినవాడు, కోసినవాడు, కొన్నవాడు, అమ్మినవాడు, వండినవాడు, తెచ్చి వడ్డించినవాడు, తిన్నవాడు. ఆ "తెచ్చి" దగ్గర మాత్రం దొరికిపోయాం. పుణ్యం పంచే చోట కనబడకుండా, పాపం పంచే చోట పేరు పడిందేమిటా అని కాస్త నొచ్చుకున్న మాట నిజం.

మా తాతది పడవ. ధాన్యం బస్తాలు వేసుకుని కాలవ మీద కాకినాడ వెళ్ళేవాడు. గాలి ఉంటే తెరచాప, లేకపోతే గట్టు మీద నడుస్తూ తాడు పట్టి లాగడం. లాకుల దగ్గర నీళ్ళు సమానమయ్యేదాకా బస్తాల మీదే కునుకు తీసేవాడట. అలా పడుకున్నవాడికి లోపల కొత్త ధాన్యమో పాతదో వీపే చెప్పేది. రైళ్ళకన్నా కాలవల మీద రవాణా చవకని కాటన్ జీవితమంతా వాదించాడు. 2008లో కాకినాడ నుంచి పుదుచ్చేరిదాకా జాతీయ జలమార్గం 4 అని ప్రకటించారు. మా లాకుల్లో నాకైతే ఇంతవరకూ సరుకు పడవ ఒక్కటీ కనబడలేదు, అది వేరే సంగతి.

మా ఆఫీసుకి ఎక్కువగా వచ్చేది కడియం నర్సరీల లోడు. ధవళేశ్వరంలో వదిలిన తూర్పు డెల్టా కాలవ నీళ్ళు తాగి పెరిగిన మొక్కలు గుజరాత్ దాకా, ఢిల్లీ దాకా వెళ్తాయి. మొక్కల లోడు ఎక్కించడం చూడాల్సిందే. నల్ల కవర్లలో మట్టిముద్దలు కదలకుండా ఒకదాన్నొకటి ఒరిపించి పేరుస్తారు. పొడుగు పామ్ మొక్కల్ని తలలు వెనక్కి వచ్చేలా ఏటవాలుగా పడుకోబెట్టి, మట్టల్ని దగ్గరికి లాగి పురికొసతో కడతారు, జడ వేసినట్టు. మొక్కలకు జీఎస్టీ లేదు, ఈవే బిల్లూ అక్కర్లేదు. నా బిల్టీ కాగితం ఒక్కటే వాటికి జాతకం.

2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టిన రాత్రి అలాంటి లారీ ఒకటి మహారాష్ట్రలో ఆగిపోయింది. మూడోరోజు డ్రైవరు ఫోన్ చేశాడు. "గురువుగారూ, ఆకులు మాడిపోతన్నాయండి." దాబా మూసేశారు. దాని వెనక బోరింగు ఉంటే కొట్టి, బకెట్టుతో మోసి, టాపు ఎక్కి నీళ్ళు చల్లుతున్నాడు. తన తిండికే దిక్కులేదు. "ఎందుకురా అంత కష్టం, పోతే పోయాయి" అన్నాను. "ఆయ్, నా బండెక్కినియ్యి కదండీ" అన్నాడు. చివరికి కొబ్బరి మొక్కలు మట్టుకు బతికాయి. మిగతావి చచ్చాయని పార్టీ కిరాయిలో కోసుకుంది. గీత మీద ఎన్నో ఉపన్యాసాలు విన్నాను గానీ, ఫలం ఆశించకుండా చేసే పని అనగానే నాకు ఆ బోరింగు చప్పుడే గుర్తొస్తుంది.

ఇక నా సంగతి. చాలా ఏళ్ళ కిందట ఒక సాయంత్రం నాలుగొందల బస్తాలకి బిల్టీ రాశాను. "సరుకు: బియ్యం." హమాలీ కుర్రాడు బస్తా దించి, కుట్టు దగ్గర ముక్కు పెట్టి "ఇయ్యి కోటా బియ్యంలా ఉన్నాయండి" అన్నాడు. వాడు చెప్పకముందే ఆ ముక్కవాసన నాకూ తగిలింది. "మనకెందుకురా అబ్బాయ్, మనది మోతే కదా" అన్నాను. లారీ దారిలో పట్టుబడింది. సరుకు పంపినవాడు మాయమయ్యాడు, డ్రైవరు లోపలికెళ్ళాడు. నన్ను పిలిచి అడిగారు. కాగితం సరిగ్గానే ఉంది కాబట్టి పంపేశారు. మర్నాడు డ్రైవరు భార్య పిల్లని చంకనేసుకుని ఆఫీసు గుమ్మంలో నిలబడింది. ఏమీ అడగలేదు. కాసేపు చూసి, వెళ్ళిపోయింది.

అప్పటినుంచీ నా లెక్క కుదరడం లేదు. దొరగారి పుణ్యంలో వాటా అడిగినవాణ్ణి, ఈ బస్తాల దగ్గరికొచ్చేసరికి మాది మోతే అని ఎలా తప్పుకోను? లారీల్లో అద్దం మీద ఆంజనేయుడి బొమ్మ ఉంటుంది. మొక్కల లోడుకి ఆయనకన్నా పెద్ద డ్రైవరు ఎవరు! సంజీవని ఏదో పోల్చుకోలేక కొండనే పెకలించుకొచ్చాడు. కానీ ముందు వెతికాడు, వెతికినా దొరక్కే కొండెత్తాడు. సరుకు తెలియకపోయినా ఎవరి ప్రాణం కోసమో తెలుసు. నాకు సరుకు తెలుసు, ఎవరి నోటి దగ్గరిదో తెలుసు, అయినా కలం ఆగలేదు.

ఇవాళ పని మారిపోయింది. 2017 జూలైలో జీఎస్టీ వచ్చాక వాణిజ్య పన్నుల చెక్‌పోస్టులు ఎత్తేశారు. టోల్‌గేటులో ఫాస్టాగ్. లోడు యాప్‌లోనే కుదురుతుంది, లారీ ఏ ఊరి పొలిమేరలో ఉందో ఇంట్లో కూర్చుని చూసుకోవచ్చు. బ్రోకరు ముఖం డ్రైవరు చూడడు, డ్రైవరు ముఖం పార్టీ చూడదు. సీలు వేసిన పెట్టె మోసే డెలివరీ కుర్రాణ్ణి లోపల ఏముందిరా అని నిలదీయడం అన్యాయం. వాడికి తెలిసే దారే లేదు, వాడికి ఏమీ అంటదనే నా నమ్మకం. మావాళ్ళ సంగతి వేరు. వాసన తగిలినవాళ్ళం. పైగా ఫోను అన్నీ చెప్పేస్తోందనుకుని ముక్కు వాడడం మానేశాం.

రిటైరైనా పొద్దుటిపూట ఆఫీసుకెళ్ళి కూర్చుంటాను. మొన్న లోడు ఒకటి వచ్చింది. "సరుకేంటి బాబూ?" అన్నాను కౌంటర్లో కుర్రాణ్ణి. "ఫోన్లో ఉంది కదండీ తాతగారూ" అన్నాడు తలెత్తకుండా. కళ్ళజోడు సర్దుకుని బయటికెళ్ళాను. టార్పాలిన్ ముడి బిగుసుకుపోయి ఉంది. క్లీనరుని పిలిచి, ఓ చెయ్యి వెయ్యరా, విప్పుదాం, అన్నాను.