కచేరీకి ముందు ఒక మాట

బుజ్జితల్లీ,

ఆరాధనోత్సవాల్లో నీకు గంటన్నర కచేరీ ఇచ్చారని మీ అమ్మ ఫోనులో చెప్పింది. చాలా సంతోషం. పాట సంగతి మీ గురువుగారు చూసుకుంటారు. ఏళ్ళ తరబడి గాయకుల పక్కన వయొలిన్ పట్టుకు కూర్చున్నవాణ్ణి గనక, వేదిక మీద ఎలా మసలుకోవాలో నేను చెబుతాను.

నువ్వు రాగం ఎత్తుకోగానే కళ్ళు మూసేస్తావు. అందరూ భక్తి అనుకుంటారు, నాకు మాత్రం సగం భయమే కనిపిస్తుంది. ఇది తాతయ్య చాదస్తం కాదమ్మా. 13వ శతాబ్దంలోనే శార్ఙ్గదేవుడు ‘సంగీత రత్నాకరం’లో గాయకులకు 25 దోషాలు చెప్పాడు. కళ్ళు మూసుకు పాడటం, భయపడుతూ పాడటం, పళ్ళు బిగించడం, బుగ్గలు పూరించడం, ఒంటెలా మెడ సాచడం అన్నీ అందులో ఉన్నాయి. ఒకసారి నీ పాట వీడియో తీసి, శబ్దం ఆపేసి చూడు. ఎన్ని దొరికితే అన్నిటికీ నవ్వుకో, బెంగ పెట్టుకోకు. మహామహులు కళ్ళు మూసుకునే పాడారుగా అంటావేమో. వాళ్ళకి చెల్లింది.

మరి కళ్ళు తెరిచి ఎటు చూడాలి? జనాన్ని చూస్తే బెదురు. పక్కవాద్యాల వాళ్ళని చూడు. నీ ఆలాపన అయ్యాక వయొలిన్ ఆయన రాగం వాయిస్తుంటే పుస్తకం తిరగెయ్యకు, విను. మంచి సంగతి పడితే ‘భళా’ అను. కల్పనస్వరాలకి ఆయన జవాబిస్తుంటే అటు తిరుగు. తని ఆవర్తనం నీకు విశ్రాంతి కాదు, తాళం వేస్తూ మృదంగంతోనే ఉండు. నువ్వు వింటుంటే సభా వింటుంది. ఎదుటివాళ్ళ వాద్యం మీద ధ్యాస పెట్టినవాళ్ళకి తమ గురించి కంగారుపడే తీరిక ఉండదు.

వర్ణంతోనే మొదలుపెట్టు. అరియక్కుడి రామానుజ అయ్యంగార్ స్థిరపరచిన కచేరీ వరస ఇప్పటికీ నిలిచిందంటే ఊరికే కాదు. నిద్రలో లేపినా పాడగలిగిన వర్ణం ఎంచుకో. అది అయ్యేసరికి గొంతు సాఫీ అవుతుంది, మైకు తీరూ తెలుస్తుంది. కృతికి ముందు రాగం, తాళం, వాగ్గేయకారుడి పేరు చెప్పు, చాలు. ‘గొంతు బాగాలేదు, మన్నించండి’ అని మాత్రం అనకు, ఆ క్షణం నుంచీ అందరూ నీ గొంతులో తప్పులే వెతుకుతారు. ఇంకో సంగతి, మనవాళ్ళకి త్యాగయ్య తెలుగు అర్థమవుతుంది. మాట మింగితే ముందు వరసలోనే దొరికిపోతావు.

కొత్త పట్టుచీర వద్దు, అలవాటైనదే కట్టుకో. పెందలాడే వెళ్ళి శ్రుతి సరిచూసుకో. మృదంగం ఆయనకి కాఫీ అందిందో లేదో నువ్వే కనుక్కో.

మీ తాతయ్య