బాడుగింటి విచారణ: ఖర్చు ఎవరిది?

బాడుగకు వచ్చేవారి పూర్వాపరాలు కనుక్కోవడం ఇంటి యజమాని ధర్మమే. ఆ ఖర్చును వచ్చినవారి చేతే కట్టించడం ధర్మమా అన్నది వేరే ప్రశ్న. తిరుపతిలో ఈ ప్రశ్నకు బరువెక్కువ. 1954లో వచ్చిన శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం మొదలుకొని పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం, స్విమ్స్, ఐఐటీ దాకా ఎన్నో సంస్థలున్న ఊరిది. చదువుకో, వైద్యానికో, కొలువుకో వచ్చి ఇల్లు వెతుక్కునేవారు ఇక్కడ ఎప్పుడూ ఉంటారు. చాలామంది యజమానులు ఆధార్ నకలు తీసుకొని, పని ఎక్కడో, ఇంట్లో ఎందరో అడిగి, అడ్వాన్స్ పుచ్చుకొని తాళాలిస్తారు. ఇప్పుడు ఈ విచారణను సొమ్ముకు చేసిపెట్టే యాప్‌లు, ఏజెన్సీలు వచ్చాయి. చిక్కంతా ఆ సొమ్ము దగ్గరే.

యజమానుల భయం ఊరికే పుట్టింది కాదు. 2013 అక్టోబరులో, అప్పటి చిత్తూరు జిల్లా పుత్తూరులో ఒక బాడుగింట్లో తలదాచుకున్న ఉగ్రవాద కేసుల నిందితులను పోలీసులు ముట్టడించి పట్టుకున్నారు. బాడుగకున్నవారి వివరాలు స్టేషన్‌లో ఇవ్వమని పోలీసులు కోరడంలో న్యాయముంది. ఆ బాధ్యత పాతదే. ఇంటికి వచ్చిపోయే కొత్తవారి సంగతి గృహస్థు నగరాధికారులకు తెలపాలని కౌటిల్యుడి అర్థశాస్త్రం విధించింది. తెలపకపోతే దోషం గృహస్థుది. సత్రాలు నడిపేవారికీ ఇలాంటి నియమమే ఉంది. బస అడిగినవాడి మీద అది ఈ భారం మోపలేదు.

తిరుమల స్థలపురాణంలోనూ ఒక యజమాని, చోటు కోరి వచ్చిన ఒక పరదేశి ఉన్నారు. కొండ ఆదివరాహస్వామిది. శ్రీనివాసుడు వచ్చి ఉండడానికి చోటడిగాడు. వరాహస్వామి వెల అడిగితే, లక్ష్మి విడిచిపోయిన తన చేతిలో ధనం లేదన్నాడు. బదులుగా తొలి దర్శనం, తొలి పూజ, తొలి నైవేద్యం వరాహస్వామికే జరిగేలా మాటిచ్చి చోటు పొందాడు. పుష్కరిణి గట్టునున్న వరాహస్వామిని ముందుగా దర్శించుకునే ఆచారం ఆ మాట వల్లనే వచ్చింది. ఈ కథలో వెల ఉంది, బేరమూ ఉంది. వరాహస్వామి తన హక్కును వదులుకోలేదు. అయితే ఆ వెల దొరికిన చోటుకు కట్టింది. అడిగినందుకు కట్టింది కాదు. చేతిలో చిల్లిగవ్వ లేనివాడు కూడా వచ్చి అడగగలిగాడు.

విచారణ రుసుములోని దోషం సరిగ్గా ఇక్కడే ఉంది. బాడుగ కట్టినవారికి బదులుగా ఇల్లు దక్కుతుంది. రుసుము కట్టి తిరస్కారానికి గురైనవారికి ఏమీ దక్కదు. నాలుగిళ్లు తిరిగినవారు నాలుగుసార్లు కట్టాలి. త్వరగా ఇల్లు దొరకనిది ఎక్కువగా పేదలకు, ఒంటరి ఆడవాళ్లకు, కులమో మతమో కారణంగా కాదనిపించుకునేవారికి. విచారణ పేరుతో కులం, తిండి ఆరా తీసే ఇళ్లున్నాయి. ఆ అవమానానికి తోడు సొమ్ము కూడా కట్టించుకోవడం కంటే అన్యాయం ఉండదు. కాదన్నకొద్దీ యజమానికి రాబడి వచ్చే ఏర్పాటు ఏ ధర్మశాస్త్రానికీ ఒప్పదు.

ఖర్చు యజమాని మీద వేస్తే ఎలాగూ బాడుగలో కలిపేస్తాడు కదా అనే వాదం ఉంది. కలిపినా అది ఇల్లు దక్కినవారి మీదే, నెలనెలా కొద్దికొద్దిగా పడుతుంది. దక్కనివారి జేబు ఖాళీ కాదు. ఇంగ్లండ్‌లో 2019 జూన్ 1న అమల్లోకి వచ్చిన చట్టం ఇళ్లకు సంబంధించి ఇలాంటి విచారణ రుసుములను నిషేధించింది. 2021లో కేంద్రం ఆమోదించిన నమూనా అద్దె చట్టం నివాసాలకు డిపాజిట్‌ను రెండు నెలల బాడుగకు పరిమితం చేసింది. డిపాజిట్ తిరిగొచ్చే సొమ్ము, విచారణ రుసుము తిరిగిరానిది. అందుకే దాన్ని మరింత కట్టడి చేయాలి. తిరుమలలో గదులిచ్చేటప్పుడు గుర్తింపు చూస్తారు. 2023 మార్చిలో ముఖాన్ని గుర్తించే పద్ధతి కూడా ప్రవేశపెట్టారు. లక్షల మంది వచ్చే చోట విచారణ భారం వసతి ఇచ్చేవారే మోయగలుగుతున్నారు.

ఒక్క గది బాడుగతోనే బతికే వృద్ధురాలి వంటి యజమానుల మాటేమిటన్న ప్రశ్న మిగులుతుంది. వారికి ఆధార్ నకలు, పాత యజమానికి ఒక ఫోను, స్టేషన్‌లో వివరాల నమోదు చాలు. వీటికి పెద్ద ఖర్చు లేదు. అంతకుమించిన విచారణ కావాలంటే, ఇల్లు ఖాయమైనవారి నుంచి మాత్రమే, అసలు ఖర్చు మేరకే తీసుకొని మొదటి నెల బాడుగలో తగ్గించాలి. బాడుగకు వచ్చినవారే సొంతంగా నివేదిక చేయించుకుంటే అది వారి సొత్తు. ఎన్ని ఇళ్లలోనైనా దాన్నే చూపవచ్చు, ఏ యజమానీ మళ్లీ కట్టమనకూడదు.