ఎవరి ఊపిరి మీద నేర్చుకోవాలి?

1952 ఆగస్టు నాటికి కోపెన్‌హాగెన్‌లోని బ్లెగ్‌డమ్ ఆసుపత్రి పోలియో రోగులతో నిండిపోయింది. ఊపిరి తీసే కండరాలు చచ్చుబడ్డవాళ్ళకి అక్కడున్న ఐరన్ లంగ్ ఒక్కటే. మొదటి మూడు వారాల్లో శ్వాసయంత్రాల మీద పెట్టిన 31 మందిలో 27 మంది చనిపోయారు. అప్పుడు మత్తు డాక్టరు బ్యోర్న్ ఇబ్సెన్, గొంతుకి రంధ్రం చేసి, గొట్టం పెట్టి, రబ్బరు సంచీని చేత్తో నొక్కుతూ గాలి పంపొచ్చని పన్నెండేళ్ళ అమ్మాయి మీద చేసి చూపించాడు. మరి రాత్రింబవళ్ళు నొక్కేదెవరు? వైద్య విద్యార్థుల్ని పిలిచారు. కొన్ని నెలలపాటు సుమారు 1500 మంది వంతులేసుకుని నొక్కారు. ఇంటెన్సివ్ కేర్ చరిత్రని చాలామంది అక్కణ్ణుంచే మొదలుపెడతారు.

దీన్ని వీరగాథలా చెబుతుంటారు, తప్పులేదు. నేను మాత్రం ఇంకో చోట ఆగిపోయాను. ఆ విద్యార్థులు ఆ పని నేర్చుకుంది రోగి మీదే. కాకపోతే తేరుకున్న రోగికి తన ఊపిరి ఎవరి చేతిలో ఉందో కనిపిస్తూనే ఉండేది. ఇప్పుడు వెంటిలేటర్ మీదున్న మనిషి చాలాసార్లు మత్తులో ఉంటాడు. కొత్త చెయ్యేదో పాత చెయ్యేదో అతనికి తెలీదు.

మా పిన్ని కూతురు హైదరాబాదులో రెస్పిరేటరీ థెరపీ డిగ్రీ రెండో ఏడు చదువుతోంది. గొట్టంలోంచి కఫం లాగడం ఇప్పుడు బొమ్మ మీద నేర్పుతున్నారట. కఫంతోపాటు గాలి కూడా లాగేస్తుంది కాబట్టి ఒక్కో విడతకి 15 సెకన్లు దాటకూడదు. "బొమ్మకి దగ్గు రాదు గదా అన్నయ్యా" అంది. బొమ్మ మీద అరనిమిషం పట్టినా ఏమీ కాదు. మనిషికైతే మానిటర్లో ఆక్సిజన్ అంకె పడిపోతుంది. మా సాఫ్ట్‌వేర్‌లో టెస్ట్ సర్వర్లుంటాయి, వాటిమీద ఎంత పగలగొట్టినా ఎవరికీ నొప్పి ఉండదు. తనకి ఆ సదుపాయం బొమ్మ దగ్గరే అయిపోతుంది. ఎంత సాధన చేసినా, పక్కన సీనియర్ నిలబడ్డా, మొదటి మనిషంటూ ఒకరు ఉండి తీరాలి.

మనిషిని కేవలం సాధనంగా వాడకూడదన్న కాంట్ సూత్రం ఇక్కడ సగమే పనికొస్తుంది. రోగికి వైద్యమూ అందుతోంది కదా. నేర్చుకోవడం తప్పని నేననను, అది ఆపేస్తే ఇరవయ్యేళ్ళ తర్వాత సీనియర్లే ఉండరు. నాకు మింగుడుపడనిది ఆ మొదటి మనిషి ఎవరన్నదే. ఎక్కువగా ధర్మాసుపత్రి జనరల్ వార్డులో పడుకున్నవాడే. డబ్బు కట్టి గది తీసుకున్నవాడు అనుభవాన్ని కూడా కొనుక్కుంటాడు. ఆ అనుభవం ఎవరి శరీరం మీద వచ్చిందో బిల్లులో ఉండదు.

కనీసం ఇంటివాళ్ళతో "ఈ అమ్మాయి నేర్చుకుంటోంది, పక్కన నేనున్నాను" అని చెప్పొచ్చు కదా అన్నాను. "చెబితే ఎవరొప్పుకుంటారు అన్నయ్యా?" అంది. చెప్పి తీరాలనే ఇప్పటికీ నా వాదన. గది రోగులకీ అందులో వంతు ఉండాలని కూడా. అలాగని రేపు మా నాన్నని ఐసీయూలో చేరిస్తే నేనేమంటానో నాకు బాగా తెలుసు. సీనియర్‌ని పిలవమంటాను. పిలుస్తారు కూడా. మా చెల్లికి వచ్చే ఏడు వార్డు డ్యూటీలు మొదలవుతాయి, మొదటి ఆరు నెలలూ జనరల్ వార్డేనట.