మరచినవారిని మరువని స్వామి



ప్రభవాది సంవత్సరములు 60. పుట్టిన సంవత్సరము తిరిగి వచ్చుసరికి మనుష్యునకు ఒక చుట్టు పూర్తియైనదని పెద్దలు షష్టిపూర్తి జరుపుదురు. ఈ వ్రాయువాడు 1958లో వచ్చిన విళంబియందు జన్మించి, 2018లో వచ్చిన విళంబిని గూడ చూచినాడు. నేను పుట్టిననాడు మా మార్టూరు గుంటూరు జిల్లాలోనిది. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడగా అందు చేరినది. 1972లో ఆ జిల్లాకు ప్రకాశం పంతులుగారి పేరు పెట్టిరి. 2022 ఏప్రిల్ నుండి మేము బాపట్ల జిల్లావారము. ఊరి ప్రక్క రహదారికిని నంబరు 5 పోయి 16 వచ్చినది. మా అరుగు మాత్రము అంగుళమైనను కదలలేదు. గీతాచార్యుడు రెండవ అధ్యాయమున కౌమారము, యౌవనము, జర అను మూడవస్థలును ఒకే దేహికి వచ్చునవియే అని ఉపదేశించెను గదా! ఆ ఘట్టము చెప్పవలసి వచ్చినపుడు నేను మా ఊరి జిల్లాలనే ఉదాహరణగా చూపుచుందును. శ్రోతలు నవ్వుదురు గాని విషయము వారికి బోధపడును.

వార్ధక్యమున వచ్చు చిన్న చిక్కులను గూర్చి ఎక్కువ చెప్పను. మోకాళ్ళు వంగనివారు కుర్చీలో కూర్చుండి తిరువారాధనము చేయవచ్చునా అని కొందరు అడుగుచుందురు. నిస్సంశయముగా చేయవచ్చును. శరీరము ఇచ్చినంతయే కైంకర్యము; ఇయ్యనిదానిని స్వామి అడుగడు. కన్నులలో శుక్లములు ముదిరి పెరుమాళ్ళ తిరుముఖమండలము మసకగా కనబడుచున్నను, శస్త్రచికిత్సకు జంకి ఏండ్లు గడుపువారు కలరు. అది వైరాగ్యము కాదు, భయము. వినికిడి యంత్రము పెట్టుకొనుటకు సిగ్గుపడి, గోష్ఠిలో ఏ పాశురము నడచుచున్నదో తెలియక పెదవులు కదుపువారి సంగతియు అంతియే. ఇక తాళపుచెవులు విడువనివారి మాట. ధృతరాష్ట్రుడు పాండవుల యింట 15 సంవత్సరములు గడపిన పిమ్మట విదురుడు వచ్చి ఎంత కటువుగా మాటాడెనో భాగవతము ప్రథమ స్కంధమున చూడుడు. విదురునివంటి తమ్ముడు ప్రతియింట ఉండడు గనుక మన పని మనమే చూచుకొనవలెను.

ఇవన్నియు ఓర్చుకొనదగినవి. ఓర్చుకొనరానిది వేరొకటి కలదు. దానిని గూర్చియే ఈ వ్యాసము.

మొన్నటి మాఘమాసమున, మిరపకాయలు కల్లములలో ఎండుచున్న దినములలో, మా ఊరి రైతు ఒకరు వచ్చి అరుగుమీద కూర్చుండి చాలసేపు మాటాడలేదు. ఆయన తల్లి వేయి పున్నములు చూచిన వృద్ధురాలు. అనగా 80 దాటి మరి కొన్ని నెలలు. చదువు రాదు. కాని పత్తి తీతకు పోయినను, మిరప కోతకు పోయినను, సాలు మొదట నిలిచి “గోవిందా” అనక చేయి వేసినది కాదు. తిరుమల మెట్లు పలుమార్లు ఎక్కినది. రెండేండ్లుగా ఆమెకు మతి తప్పుచున్నది. కొడుకును ఎప్పుడో పోయిన అన్నగారి పేరుతో పిలుచును. సందె వేళ అగునప్పటికి చీరకొంగు సర్దుకొని, “ఇంటికి పోదాం పద” అని వీథిలోనికి వచ్చును. ఉన్నది తన ఇల్లే.

చివరకాయన ఇట్లనెను: “అయ్యవారూ, చివరి గడియలో దేన్ని తలచుకుంటే దాన్నే పొందుతారని మీరే పురాణంలో చెప్పారు. మా అమ్మకు ఇప్పుడు దేవుడి పేరే గుర్తు లేదు. మరి ఆవిడ గతేమిటండీ?”

భక్తులారా, ఈ ప్రశ్న వాదము కొరకు వేసినది కాదు. రాత్రులు నిద్రలేని కొడుకు వేసినది. ఇట్టి వృద్ధులు నేడు పెక్కు ఇండ్లలో ఉన్నారు. “ఏ జన్మలో ఏమి పాపము చేసెనో!” అని చుట్టములు వచ్చి అనిపోవుటయు వినుచున్నాము. ఆ మాట అనువారికి శాస్త్రము తెలియదు, దయయు తెలియదు.

శాస్త్రము ఏమనుచున్నదో చూతము. గీత ఎనిమిదవ అధ్యాయమున అంతిమ స్మృతిని గూర్చిన మాట ఉన్న సంగతి నిజమే. భరతుడంతటివాడు లేడిపిల్లను తలచుచు దేహము విడిచి లేడియై పుట్టెనని భాగవతము పంచమ స్కంధము చెప్పుచున్నది. ఆ రైతు భయమునకు మూలమిదియే. కాని ఆ గీతయే పదునైదవ అధ్యాయమున స్మృతియు, జ్ఞానమును, వాని తొలగుటయు గూడ తననుండియే కలుగుచున్నవని స్వామి నోటనే పలికించినది. జ్ఞాపకము మన సొత్తు కాదు. ఇచ్చినవాడు ఆయన, ఎప్పుడు వెనుకకు తీసికొనవలెనో ఎరిగినవాడును ఆయనయే.

భీష్మ పితామహుని చూడుడు. అంపశయ్యపై నున్న ఆయనను ధర్మములు చెప్పుమని శ్రీకృష్ణుడు కోరగా, ఆ మహాజ్ఞాని, బాణముల బాధచేత తన బుద్ధి మసకబారినదనియు, దిక్కులు తెలియుట లేదనియు, నోట మాట రాకున్నదనియు విన్నవించుకొనెను. శాంతిపర్వమున ఈ ఘట్టమును మనము వడివడిగా దాటిపోదుము. నిలిచి చదువదగిన చోటు అది. అప్పుడు స్వామి ఆయనకు బాధను, మూర్ఛను, ఆకలిదప్పులను తొలగించి, జ్ఞానము ప్రకాశించునట్లు వరమిచ్చెను. అటుపిమ్మటనే ధర్మోపదేశము సాగినది; అటుపిమ్మటనే ఆనుశాసనిక పర్వమున విష్ణు సహస్రనామము వెలువడినది. మనము నిత్యము పారాయణ చేయు వేయి నామములు, మతి మసకబారిన ఒక వృద్ధునకు స్వామి తిరిగి ఇచ్చిన జ్ఞాపకమునుండి వచ్చినవి. భీష్మునకే స్వశక్తి చాలనప్పుడు పత్తి తీసిన తల్లిని తప్పుపట్టుటకు మన మెంతవారము?

ఆళ్వార్లకును ఈ భయము లేకపోలేదు. కులశేఖరులు ముకుందమాలయందు, త్రిదోషములు కంఠమును అడ్డగించు వేళ స్మరణ సాధ్యము కాదని తలచి, నేడే తన మనస్సును స్వీకరింపుమని వేడుకొనిరి. పెరియాళ్వారులు శ్రీరంగనాథుని ఎదుట, ఆ చివరి వేళకు చెప్పవలసినది ఇప్పుడే చెప్పియుంచితినని విన్నవించిరి. ముందుగనే చెప్పియుంచుట! సాలు మొదట నిలిచి ఆ తల్లి అన్న గోవింద నామములు అట్టివి కావా?

వీనికన్నిటికిని స్వామి ఇచ్చిన సమాధానము వరాహ చరమ శ్లోకమున ఉన్నది. మన సంప్రదాయమున చరమ శ్లోకములు మూడు: సముద్రతీరమున విభీషణుని నిమిత్తముగా శ్రీరాముడు పలికినది, అర్జునునకు శ్రీకృష్ణుడు చెప్పినది, భూదేవికి వరాహమూర్తి అనుగ్రహించినది. మూడవదాని తాత్పర్యమిది. మనస్సు స్వస్థముగా ఉన్నపుడు, ధాతువులు సమముగా ఉన్నపుడు నన్ను తలచినవాడు, అవసాన సమయమున కట్టెవలె, రాతివలె పడియున్నచో, అప్పుడు వానిని నేను తలతును. పరమగతికి నేనే తోడుకొని పోదును. వడగలై, తెంగలై భేదమేమియు లేక ఉభయులును ఈ వాక్యమును శిరసావహింతురు.

రాయి అనగా ఏమో మా మార్టూరువారికి వేరుగా చెప్పనక్కరలేదు. బల్లికురవ కొండలనుండి వచ్చు గ్రానైటు దిమ్మెలను మా ఊరి ఫ్యాక్టరీలలో కోసి మెరుగు పెట్టుచున్నారు. ఆ రంపముల ధ్వనిలోనే మా సంధ్యావందనములు జరుగుచున్నవి. రంపము క్రింద నున్న రాయి తనను కాపాడుమని అడుగదు. ఎవరు వచ్చిరో గుర్తింపదు. భూదేవితో స్వామి ఆ పోలికనే పలికెను. తలచుట మానిన భక్తుని గూర్చి గాక, తలచుటకే వీలుకాని భక్తుని గూర్చి ఇచ్చిన మాట అది.

ఇదంతయు చెప్పిన పిమ్మట ఆ రైతు కొంతసేపు ఊరకుండి, “అయితే మేము చేయాల్సింది ఏమీ లేదంటారా?” అనెను. చాల ఉన్నదంటిని.

మొదట వైద్యునకు చూపవలెను. ముసలితనము గదా అని విడిచిపెట్టరాదు. థైరాయిడు లోపము, బి12 విటమిను తగ్గుట, మూత్రమార్గమున సోకిన జ్వరము, కొన్ని మందుల వికారము, వీనివలన గూడ వృద్ధులకు మతి తప్పినట్లుండును. ఇట్టివి పెక్కు చికిత్సకు లొంగును. ఆల్జైమర్ అను వ్యాధిని పూర్తిగా కుదుర్చు మందు లేదు గాని, అప్పుడైనను వైద్యుని సలహా కుటుంబమునకు ఉపకరించును. రెండవది, “నేనెవరిని? చెప్పు చూతము” అని పరీక్షలు పెట్టరాదు. వచ్చినవారెల్ల ఈ ప్రశ్నయే వేయుదురు; ఆమె ముఖము చిన్నబోవును. “అమ్మా, నేను నీ కొడుకును” అని మనమే చెప్పినచో ఏమి నష్టము? “ఇంటికి పోదాం” అన్నపుడు “ఇదే ఇల్లు” అని గద్దింపక, చేయి పట్టుకొని రామాలయము దాక నడపించి తిరిగి తీసికొని రావలెను. ఇల్లు వచ్చినదని ఆమె అనుకొనును. ప్రాతఃకాలమున తీర్థము, తులసీదళము ఇచ్చి, చెవి దగ్గర గోవింద నామము పలుకవలెను. ఆమె పలికిన సరే, పలుకకున్న సరే. ఆ నామము ఆమె మోక్షమునకు పెట్టిన షరతు కాదు. ఇన్నేండ్లు మనకు వినిపించిన తల్లికి మనము చేయు కైంకర్యము.

తిరుమల యాత్రకు వృద్ధులను తీసికొని పోవువారికి ఒక మాట. పుష్కరిణి ఒడ్డున నున్న వరాహస్వామిని ముందు సేవించి, పిమ్మట శ్రీనివాసుని సేవించుట క్షేత్ర మర్యాద. జనసమ్మర్దమునకు వెరచి పెక్కుమంది ఈ సన్నిధిని దాటిపోవుచున్నారు. ముసలివారు వెంట నున్నపుడు మాత్రము దాటిపోరాదు. పైన చెప్పిన మాట ఇచ్చిన మూర్తి ఆయనయే. 65 ఏండ్లు నిండినవారికి దేవస్థానమువారు ప్రత్యేక దర్శనావకాశము కల్పించుచున్నారు. ఆధార్ కార్డు మరువకుడు.

తిరుమల నంబి కథయు ఆ కొండమీదనే వారికి చెప్పుడు. భగవద్రామానుజులకు మేనమామయైన ఆ మహనీయుడు ప్రతిదినము పాపవినాశనమునుండి స్వామి అభిషేకమునకు తీర్థము మోసెడివాడు. వృద్ధుడైనను మానలేదు. ఒకనాడు త్రోవలో ఒక వేటకాడు ఎదురై, “తాతా, దాహము” అని అడిగి, కుండలోని నీరు త్రాగివేసెనట. ఆ ముదుసలి మరల అంతదూరము ఎట్లు పోవుదునని పరితపింపగా, వేటకాడు కొండమీదికి బాణము వేసి, దగ్గరలోనే జలధార పుట్టించి అదృశ్యుడాయెను. అదియే ఆకాశగంగ. నంబి కాళ్ళకు బలమీయవలెనన్న ఇయ్యగలవాడే. అట్లు చేయక నీటినే దగ్గరకు తెచ్చెను. నేటికిని ఏటేట అధ్యయనోత్సవములు ముగిసిన పిమ్మట తిరుమలలో తన్నీరముదు ఉత్సవము జరుగుచున్నది. ఆనాడు నంబి వంశీయులు ఆకాశగంగ తీర్థమును కుండలతో స్వామి సన్నిధికి తెత్తురు.