చెట్టు కొట్టువాడు గురువగునా?

మొక్క నాటుట పుణ్యమని బాలురకు బోధించుట సులభము. చెట్టు కొట్టి బ్రదుకువాని మాట యేమని వారడిగినచో బదులు చెప్పుట కష్టము. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతములలో పిల్లలను బడిగోడలు దాటించి ప్రకృతిపాఠము చెప్పబూను నుపాధ్యాయుని యెదుట నున్నది ఈ ప్రశ్నయే.

ఇది వరిపొలముల సీమ. 1967లో నాగార్జునసాగరపు టెడమకాలువకు నీరు వదలిన పిదప మిర్యాలగూడ బియ్యపు మిల్లుల యూరైనది. అడవి మిక్కిలి స్వల్పము. 2015లో హరితహారము మొదలుకాగా బడిపిల్లలును మొక్కలు నాటిరి. రాష్ట్రమున పచ్చదనమును నూటికి 24 పాళ్లనుండి 33 పాళ్లకు పెంచుట దాని యుద్దేశము. మంచిదే. గాని నాటుట యొక్కటియే నేర్చిన బాలుడు కట్టెలమోపు నెత్తిన బెట్టుకొని వచ్చు ముసలమ్మను దొంగ యనుకొనును. దయ నేర్పబోయి నిర్దయను నేర్పితిమి!

అడవివిద్యలో కోతయు నొక భాగము. టేకును వర్షములకు ముందు నేలకు దగ్గరగా, మొద్దు చీలకుండ, నీరు నిలువకుండ వాలుగా కొట్టినచో మోడు చిగిర్చును. ఆ పిలకలలో బలమైనవానిని ఒకటి రెంటిని నిలిపి తక్కినవి తీసివేయుదురు. పదియేండ్లకు చేతికి వచ్చు కఱ్ఱయైనచో అడవిని పది కూపులుగా భాగించి, యేటి కొక్కటి కొట్టి, కొట్టినచోట పసులను తోలకుందురు. పెరిగినంతకు మించి కొట్టరాదను నీ న్యాయమునే 1713లో సాక్సనీ గనుల యధికారి కార్లోవిట్జు గ్రంథముగా వ్రాసెను. వెండిగనులకు కలప కొఱవడుటయే దానికి కారణము. మనయొద్ద 1992 మొదలు వన సంరక్షణ సమితులలో పని చేసినవారికిని, అటవీశాఖవారికిని ఇది తెలిసిన విద్య. వారు దానిని ఉపాధ్యాయునికి చెప్పకుండుట లోభము. ఉపాధ్యాయుడు వారి నడుగకుండుట గర్వము. రెండవదియే హెచ్చని నా తలంపు.

కోత నేర్పినచో పిల్లలు గొడ్డళ్లు పట్టరా యని కొందఱందురు. మోతె మండలము రాఘవాపురమున దుశ్చర్ల సత్యనారాయణగారు తమ పిత్రార్జితమైన 70 యెకరములలో అడవిని పెంచి, కలప కమ్ముకొనక, పశుపక్ష్యాదులకు విడిచియుంచిరి. పిల్లలకు దానిని తప్పక చూపవలెను. గాని యట్టి త్యాగము భూమి కలవానికి శోభించును. సెంటు నేల లేనివానికి దానిని ధర్మమని విధింప మన కధికార మెక్కడిది?

కావున ఉపాధ్యాయు డొకదినము గొడ్డలి పట్టినవానిని పిల్లల నడుమ కూర్చుండబెట్టి, యే కొమ్మ కొట్టవచ్చునో, యేది కొట్టరాదో, యెందుచేతనో చెప్పింపవలెను. అతని కా దినపు కూలి యిచ్చుట మాత్రము మఱవరాదు.